ఉప్పు

సాగినా ఊళ్ళో నవంబరు నుంచి మార్చి దాకా
రోడ్ల మీద ఉప్పు చల్లుతారు.
ముందు మంచు కరుగుతుంది, తర్వాత ఇనుము.
నా గ్యారేజీకి అన్నం పెట్టేది ఆ ఉప్పే.

మా నాన్న ఆర్విల్, ముప్పై ఒక్కేళ్ళు
స్టీరింగుల ప్లాంటులో రెండో షిఫ్టు.
పార్కింగు గేటు దగ్గర ఓ బోర్డుండేది అప్పట్లో:
విదేశీ కారు పెడితే లాక్కుపోతాం.
దానికి రంగు వెలిసినప్పుడల్లా
స్టూలు వేసుకుని మళ్ళీ దిద్దినవాడు ఆయనే.

ఆయన బ్యూక్
వంకాయ రంగు, వీ ఎయిట్, ముందు సీటు సోఫా అంత.
తాళం తిప్పితే ఎదురింటి కిటికీ అద్దాలు గలగలమనేవి.
పెడల్ మీద కాలు ఆనిస్తే చాలు
వీపు సీటుకి అతుక్కుపోయి
కడుపు ఒక వీధి వెనకాల ఉండిపోయేది.
నాకప్పుడు తొమ్మిదేళ్ళు.
అంతకు మించిన దేవుడున్నాడని
చర్చిలో ఎంత చెప్పినా నమ్మలేదు.

అరవై వేల మైళ్ళకి గేర్‌బాక్సు పోయింది.
తొంభై వేలకి మళ్ళీ పోయింది.
మధ్యలో వాటర్ పంపు, ఆల్టర్నేటరు, కిటికీ మోటారు.
లోపలి సీలింగు గుడ్డ జారి తలకి తగులుతుంటే
నాన్న గుండుసూదులు గుచ్చాడు.
"ఆరంభశూరత్వం" అంది అమ్మ,
కారునో, ఆయన్నో.

అమ్మ వెల్డా బడి క్యాంటీన్లో వంటమనిషి.
తెల్లారి అయిదింటికి పొయ్యి వెలగాలి.
ఓ శనివారం బస్సెక్కి బే సిటీ వెళ్ళి
ఉడికిన గుడ్డు రంగు పాత కరోలా ఒకటి తోలుకొచ్చింది.
ఇంటి ముందు పెట్టలేదు.
రెండు వీధుల అవతల లూథరన్ చర్చి వెనక దాచి
మంచులో నడిచి వచ్చేది.

చిన్న ఊళ్ళో రహస్యానికి ఆయువెంత?
"తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే" అన్నాడు నాన్న,
"ఎవరి ఉప్పు తింటున్నావో గుర్తుందా?"
"గుర్తుంది. నీ బ్యూక్ మూడుసార్లు నన్ను
ఆ ఉప్పులోనే దించి నడిపించింది."
బంగాళాదుంప చెక్కుతూ, తలెత్తకుండా.

ఆ కారు సంగతేం చెప్పను.
ఇంజను నడుస్తోందో లేదో చెయ్యి ఆనించి చూడాలి.
హైవే ఎక్కేటప్పుడు లారీలకి దారిచ్చి, దణ్ణం పెట్టి,
సందు చూసుకుని దూరేది.
ఆయిలు మార్చు, బెల్టు మార్చు. ఇంకేం అడగదు.
అన్నీ అలాంటివే అయితే
నాలాంటి మెకానిక్కులకి పస్తే.

తర్వాత నాన్నకి కిడ్నీలు పోయాయి.
వారానికి మూడు రోజులు డయాలసిస్.
మొదటి రోజు, గడ్డకట్టిన పొద్దున,
బ్యూక్ తాళం నాలుగుసార్లు తిప్పాడు.
దిగి, ఒక్క మాటా లేకుండా రెండు వీధులు నడిచి
చర్చి వెనక్కి వెళ్ళి కరోలాలో కూర్చున్నాడు.
మోకాళ్ళు డాష్‌బోర్డుకి తగిలాయి.
ఏడేళ్ళు అలాగే తగిలాయి.
ఒక్కసారి మాత్రం అడిగాడట, ఎన్ని మైళ్ళని.
రెండు లక్షల ఎనభై వేలు.
"మీటరు తప్పయి ఉంటుంది" అన్నాడట.

మొన్న చలికాలం దాన్ని లిఫ్టు మీదికి ఎత్తాను.
ఇంజను ఇంకా గోడగడియారంలా కొట్టుకుంటోంది.
కింద చట్రానికి స్క్రూడ్రైవరు ఆనించానో లేదో
అప్పడంలా విరిగింది.
ఇంకో లక్ష మైళ్ళు పరిగెత్తే గుండె ఉంది,
దాన్ని మోసే ఎముక లేదు.
షెడ్డులో బ్యూక్‌కి చట్రం నిగనిగలాడుతోంది,
ఉప్పు ముఖం చూసి ఎన్నాళ్ళయిందో.
దానికి గేరు పడదు.

ఏది మంచిదని అడుగుతారు జనం, చెక్కు రాస్తూ.
టార్చి ఇచ్చి కిందికి వంగి చూడమంటాను.

కరోలా తుక్కుకి వెళ్ళిన సాయంత్రం
బ్యూక్‌లో ఓసారి కూర్చుంటానంది అమ్మ.
కొత్త బ్యాటరీ పెట్టి తాళం తిప్పాను.
ఎదురింటి అద్దాలు గలగలమన్నాయి.
కారు అంగుళం కదల్లేదు.
"ఎంత చప్పుడు" అంది, ఆపమనలేదు.
సీలింగులో గుండుసూది ఒకటి ఊగుతుంటే
బొటనవేలితో లోపలికి నొక్కింది.